బాగా కొడితే ఫెయిల్ చేస్తారు: మా సాఫ్ట్‌బాల్ బ్యాట్‌కి అప్రూవల్ తెచ్చుకున్న నా అనుభవం

మాది విశాఖ గాజువాక ఆటోనగర్‌లో ఒక మోస్తరు వర్క్‌షాపు. మాది అంటే మా మావయ్యది, నేను మెకానికల్ చదివి కొన్నాళ్ళు చెన్నైలో ఉద్యోగం వెలగబెట్టి తిరిగొచ్చి ఆయన దగ్గరే ఉండిపోయాను. పంపు షాఫ్టులు, బుష్‌లు, స్లీవులు, ఎక్కువగా స్టీల్ ప్లాంట్ కాంట్రాక్టర్ల పని, పోర్టు పని. అలాంటి షెడ్డులోకి ఆడపిల్లలు ఆడే ఫాస్ట్‌పిచ్ సాఫ్ట్‌బాల్ (బేస్‌బాల్ లాంటి ఆటే, కాస్త పెద్ద బంతిని చెయ్యి కింది నుంచి తిప్పి వేగంగా విసురుతారు) బ్యాటు ఎలా వచ్చి పడిందయ్యా అంటే మా బావ వల్ల.

అక్కా బావా డాలస్‌లో ఉంటారు, మా మేనకోడలు అక్కడ అండర్ 14లో ఆడుతుంది, దానికి బ్యాట్ కొనాలంటే మూడొందల యాభై నాలుగొందల డాలర్లు అవుతోందని బావ ఎప్పుడు ఫోన్ చేసినా ఒకటే గోల. ఒకసారి సంక్రాంతికి వచ్చినప్పుడు పాతది ఒకటి సూట్‌కేసులో పెట్టుకొచ్చి మావయ్య చేతిలో పెట్టాడు, "మావయ్య గారూ, ఇది గొట్టమే కదా, మీరు చెయ్యలేరా" అని. మావయ్యని చెయ్యలేరా అని అడిగితే ఇంక అంతే. దాన్ని అటూ ఇటూ తిప్పి, చివరి మూత, అదే ఎండ్ క్యాప్, పీకి లోపలికి టార్చ్ కొట్టి చూసి, వెర్నియర్ పెట్టి, "గొట్టం లోపల ఇంకో గొట్టం ఉందిరా" అన్నాడు. మా కథ అక్కడ మొదలైంది.

చెయ్యడం సంగతి తర్వాత, ముందు బావ చెప్పిన అసలు విషయం ఏంటంటే అక్కడ బ్యాట్ మీద స్టాంప్ లేకపోతే అంపైర్ లోపలికి రానివ్వడు. మ్యాచ్ ముందే బ్యాట్లన్నీ వరసగా పెట్టించి చూస్తారు, రింగులో దూరుతుందా లేదా, డెంట్ ఉందా, ఊపితే లోపల గలగలమంటోందా, అక్కడ ఈ ఆటని నడిపే యూఎస్ఏ సాఫ్ట్‌బాల్ అనే సంస్థ మార్క్ ఉందా అని. కొలతలు రూల్ బుక్కులోనే ఉంటాయి, పొడవు 34 అంగుళాలు దాటకూడదు, బరువు 38 ఔన్సులు దాటకూడదు, లావు 2.25 అంగుళాలు దాటకూడదు, గ్రిప్ కనీసం 10 అంగుళాలు ఉండాలి కానీ 15 మించకూడదు. ఇవన్నీ లేత్ మీద పనిచేసేవాడికి ఒక లెక్కా, మావయ్య కూడా అదే అన్నాడు. స్టాంప్ మాత్రం కొలతలకి రాదు, పెర్ఫార్మెన్స్ టెస్ట్‌లో పాసయితేనే వస్తుంది.

టెస్ట్ అనగానే మావయ్య అనుకున్నది, నిజం చెప్పాలంటే ఎవరైనా అనుకునేది, విరుగుతుందా లేదా చూస్తారని. ఎంత గట్టిగా ఉంటే అంత మంచిది, ఎంత బాగా కొడితే అన్ని మార్కులు. ఇక్కడ అంతా తిరకాసు. ఈ టెస్ట్‌కి పై గీత ఉంది గానీ కింద గీత లేదు. బ్యాట్ నుంచి వెళ్ళే బంతి వేగం లెక్క ప్రకారం గంటకి 98 మైళ్ళు దాటకూడదు, దాటితే ఫెయిల్, 70 వచ్చినా పాసే, అది ఎవడూ కొనడు అంతే. కాబట్టి అందరూ ఆ 98కి వీలైనంత దగ్గరగా వెళ్ళి ఆగాలని చూస్తారు. ఆ ఆగడమే కష్టం.

ఎందుకు ఆపారో ఒక్క లెక్క వేస్తే తెలిసిపోతుంది. ఫాస్ట్‌పిచ్‌లో పెద్ద అమ్మాయిలకి పిచింగ్ దూరం, అంటే బంతి విసిరే పిచర్‌కీ బ్యాటర్ నిలబడే చోటుకీ మధ్య దూరం, 43 అడుగులు. 98 మైళ్ళ వేగం అంటే సెకనుకి 144 అడుగులు దగ్గర దగ్గర. అంటే బంతి తిరిగి పిచర్ మొహం మీదకి రావడానికి సుమారు 0.3 సెకను, అదీ ఆ పిల్ల వెనక్కి జరిగి నిలబడితే. నిజానికి బంతి వదిలే టైమ్‌కి ముందుకి అడుగేసి ఇంకా దగ్గరకి వచ్చేసి ఉంటుంది. ఆంధ్రా యూనివర్సిటీ (ఏయూ) గ్రౌండ్‌లో మన పిల్లలు ఆడుతుంటే నేను పిచర్ వెనకాల నెట్ బయట నిలబడి చూసాను ఒకసారి, బంతి వచ్చాక తల పక్కకి తిప్పాను అనుకున్నాను, కాదు, బంతి వెళ్ళిపోయాక తిప్పాను.

చరిత్ర కూడా కొంచెం చదవాల్సొచ్చింది ఎందుకంటే పాత బ్యాట్ల మీద రకరకాల స్టాంపులు ఉంటాయి. ఈ సంస్థ 1933 నుంచి ఉంది, అప్పటి పేరు అమెచ్యూర్ సాఫ్ట్‌బాల్ అసోసియేషన్, ఏఎస్ఏ, 2017లో యూఎస్ఏ సాఫ్ట్‌బాల్ అని మార్చారు. తొంభైల్లో డబుల్ వాల్ (గొట్టంలో గొట్టం) బ్యాట్లూ కొత్త కొత్త అల్యూమినియం అల్లాయ్‌లూ వచ్చి బంతులు మరీ ఎగిరిపోతుంటే 2000లో ఒక స్టాండర్డ్ పెట్టారు, అందులో హద్దు సెకనుకి 125 అడుగులు, అంటే 85 మైళ్ళు. తర్వాత 2004లో 98 మైళ్ళు. ఇది చూసి మా బావ "అదేంటి, తగ్గించాల్సింది పోయి పెంచారా" అన్నాడు. పెంచలేదు, కొలిచే పద్ధతి మార్చారు. పాత టెస్ట్‌లో బంతిని బ్యాట్ మీదకి 60 మైళ్ళతోనే వదిలేవాళ్ళు, అంత నెమ్మదిగా తగిలితే బ్యాట్ గోడ సరిగ్గా వంగదు, దాని అసలు రంగు బయటపడదు. కొత్తది ఆటలో తగిలే వేగానికి దగ్గరగా కొడుతుంది. ఆ మార్పుతో అప్పటిదాకా దర్జాగా ఆడిన చాలా బ్యాట్లు ఒక్కసారిగా పనికిరాకుండా పోయాయి. యూట్రిపుల్‌ఎస్ఏ అనే ఇంకో సంస్థది వేరే లెక్క, వాళ్ళ బ్యాట్ల మీద 1.20 బీపీఎఫ్ (బ్యాట్ పెర్ఫార్మెన్స్ ఫ్యాక్టర్) అని ఉంటుంది. ఇంటర్నేషనల్‌కి వెళ్తే డబ్ల్యూబీఎస్‌సీ (ప్రపంచ బేస్‌బాల్ సాఫ్ట్‌బాల్ సమాఖ్య) వాళ్ళ లిస్టు ఇంకోటి. మేము పట్టుకున్నది మాత్రం యూఎస్ఏ సాఫ్ట్‌బాలే.

టెస్ట్ చేసేది వాషింగ్టన్ రాష్ట్రంలో పుల్‌మన్ అనే ఊళ్ళో, వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీ స్పోర్ట్స్ సైన్స్ లాబొరేటరీలో. పద్ధతికి ఏఎస్‌టీఎం అనే స్టాండర్డ్స్ సంస్థ ఇచ్చిన ఎఫ్2219 అనే నంబర్ ఉంది. నాకు ఇందులో బాగా నచ్చింది ఏంటంటే బ్యాట్‌ని ఎవరూ ఊపరు. బ్యాట్‌ని గ్రిప్ దగ్గర ఒక పిడిలో బిగిస్తారు, ఆ పిడి నాబ్ (హ్యాండిల్ చివరి గుబ్బ) నుంచి 6 అంగుళాల దగ్గర ఇరుసు మీద తిరుగుతుంది, బ్యాట్ కదలకుండా అలా ఉంటుంది. ఎదురుగా గాలి ఒత్తిడితో పేలే ఫిరంగి, అందులోంచి బంతి గంటకి 110 మైళ్ళతో, స్పిన్ లేకుండా వచ్చి బ్యారెల్ (బంతిని కొట్టే లావు భాగం) మీద తగులుతుంది. బ్యాట్ గిర్రున వెనక్కి తిరిగిపోతుంది, బంతి వెనక్కి వస్తుంది. మధ్యలో లైట్ స్క్రీన్లు ఉంటాయి, వెళ్ళేటప్పుడు వేగం, వచ్చేటప్పుడు వేగం రెండూ పట్టుకుంటాయి. వంకరగా వెళ్ళిన దెబ్బలు లెక్కలోకి రావు, తిన్నగా వెనక్కి వచ్చినవే. ఒక్కో చోట ఆరు మంచి దెబ్బలు, తర్వాత బ్యారెల్ మీద కొంచెం జరిగి మళ్ళీ, అలా ఎక్కడ ఎక్కువ వేగం వస్తుందో ఆ చోటు దొరికేదాకా.

వెనక్కి వచ్చిన వేగాన్ని వెళ్ళిన వేగంతో భాగిస్తే వచ్చేదే అసలు సంఖ్య. ఉదాహరణకి 110తో వెళ్ళి 22తో వెనక్కి వస్తే 0.2. ఇప్పుడు ఫీల్డ్‌లో ఏమవుతుందో కాగితం మీద వేసుకోవచ్చు, పిచ్ వేగాన్ని ఈ 0.2తో హెచ్చించి, బ్యాట్ వేగాన్ని 1.2తో హెచ్చించి, రెండూ కలపడమే. పిచ్ 60, బ్యాట్ 65 అనుకోండి, 12 ప్లస్ 78, 90 మైళ్ళు. బ్యాట్ వేగాన్ని కూడా ఊరికే అనుకోరు, దాని స్వింగ్ వెయిట్ ఎంత ఉందో కొలిచి, అంత బరువుగా తిరిగే బ్యాట్‌ని మనిషి ఎంత వేగంగా ఊపగలడో దాన్నిబట్టి లెక్క కడతారు. ఇది చూసాక మావయ్యకి చెప్పాను, మనం బరువు చివరికి తోసినా లెక్కలో దొరికిపోతాం, హ్యాండిల్ వైపు తెచ్చినా దొరికిపోతాం అని. "అయితే వాళ్ళు బుర్ర ఉన్నోళ్ళేరా" అన్నాడు, ఆయన నోట్లోంచి ఇంకో వర్క్‌షాపు గురించి అంత పెద్ద మెప్పు నేనెప్పుడూ వినలేదు.

ఇంక తయారీ. అల్లాయ్ 7075 దొరికింది, అది విమానాల సరుకు, గట్టిది, కానీ దీనికి వెల్డింగ్ అంటే పడదు, వెల్డ్ పక్కనే పగులుతుంది. నాబ్ వెల్డ్ చేసేద్దామని మావయ్య పట్టుబట్టాడు, ముక్క మీద చేసి చూపించాక ఊరుకున్నాడు. రూల్‌లో నాబ్ ఊడి రాకుండా శాశ్వతంగా బిగించి ఉండాలనే ఉంది, వెల్డే అవ్వాలని లేదు, అందుకని లోపలికి ప్లగ్ ప్రెస్ ఫిట్ చేసి ఎపాక్సీ పెట్టి పిన్ను వేసాం. హ్యాండిల్ వైపు సన్నం చెయ్యడానికి స్వేజింగ్ మెషిన్ మా దగ్గర లేదు, హైదరాబాద్ బాలానగర్‌లో చేయించాం. హీట్ ట్రీట్‌మెంట్ 470 డిగ్రీల పైన నానబెట్టి నీళ్ళలో ముంచి, తర్వాత 120 డిగ్రీల దగ్గర ఒక రోజంతా ఉంచడం, టీ6 అంటారు. ముంచేటప్పుడు గొట్టం వంకర పోతుంది, తిన్నగా చెయ్యడానికి దొరికే టైమ్ కొంచెమే, కాసేపాగితే దానంతటదే గట్టిపడిపోతుంది, అందుకని క్వెంచ్ (నీళ్ళలో ముంచే) రోజు ఫోన్ సైలెంట్‌లో పెట్టి అందరం ట్యాంక్ చుట్టూ నిలబడేవాళ్ళం.

లోపలి గొట్టం సంగతి చెప్పాలి, మొత్తం కథ దాని మీదే నడిచింది. బంతి మామూలుగా చాలా దండగ వస్తువు. ఫాస్ట్‌పిచ్ బంతి మీద .47 అని రాసి ఉంటుంది, అంటే గట్టి గోడకి కొడితే వచ్చిన వేగంలో 47 శాతంతోనే వెనక్కి వస్తుంది, శక్తి లెక్కలో చూస్తే 22 శాతమే మిగిలింది, మిగతాదంతా బంతి నలిగిపోవడంలో వేడిగా పోయింది. ఇప్పుడు గోడ కూడా వంగితే బంతి తక్కువ నలుగుతుంది, గోడ వంగి తీసుకున్న శక్తిని దాదాపు అంతా తిరిగి ఇచ్చేస్తుంది. దీన్నే ట్రాంపొలిన్ ఎఫెక్ట్ అంటారు. అయితే గోడని పల్చగా చేస్తే బాగా వంగుతుంది కానీ సొట్ట పడుతుంది. దానికి మందు డబుల్ వాల్. వంగకుండా ఆపే గట్టిదనం మందానికి ఘనంలో పెరుగుతుంది, అందుకని ఒకే మందం గోడని రెండు సగాలుగా చేసి ఒకదాని మీద ఒకటి జారేలా పెడితే రెండూ కలిపినా గట్టిదనం నాలుగో వంతుకి వస్తుంది. మెటల్ అంతే, బరువు అంతే, బంతికి మాత్రం నాలుగింతలు మెత్తగా తగులుతుంది. ఇది కాగితం మీద చూసినప్పుడు నేను నిజంగా లేచి నిలబడ్డాను, మావయ్య మాత్రం "టార్చ్ కొట్టినప్పుడే చెప్పా కదా" అన్నాడు.

పుల్‌మన్‌కి పంపేముందు ఇక్కడ మనం ఎంతవరకు చూసుకోగలం అనేది ప్రశ్న. ఫిరంగి కట్టడం గురించి మావయ్యకి చాలా ఉబలాటం ఉంది గానీ 110 మైళ్ళ బంతి షెడ్డులో పేల్చితే పక్కనున్న రేడియేటర్ల షాపు వాళ్ళు ఊరుకుంటారా. అందుకని వేరే దారి పట్టాం. బావ చేత స్టాంప్ ఉన్న డబుల్ వాల్ అల్యూమినియం బ్యాట్ ఒకటి తెప్పించాం, మా బ్యాట్‌ని దానితో పోల్చి చూడటమే మా టెస్ట్.

స్వింగ్ వెయిట్‌కి బ్యాట్‌ని నాబ్ నుంచి 6 అంగుళాల దగ్గర కత్తి అంచు లాంటి దాని మీద వేలాడదీసి చిన్నగా ఊపి, ఊగులు లెక్కపెట్టి టైమ్ తీస్తే సూత్రం ప్రకారం వచ్చేస్తుంది, దీనికీ ఏఎస్‌టీఎం పద్ధతి ఉంది, ఎఫ్2398. ఫ్యాన్ ఆపేసి చెయ్యాలి, మే నెలలో ఆటోనగర్ రేకుల షెడ్డులో ఫ్యాన్ ఆపి బ్యాట్ ఊగడం చూస్తూ కూర్చోవడం ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి. బ్యారెల్ ఎంత గట్టిగా ఉందో చూడ్డానికి ఒక ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబ్‌లో యూటీఎం (నొక్కి, లాగి బలం కొలిచే మెషిన్) మీద పక్కల నుంచి నొక్కి, కొంచెం నొక్కడానికి ఎంత బలం పట్టిందో రాసుకున్నాం.

ఇంకోటి నాకు చాలా ముద్దొచ్చిన పని, మోత. బ్యారెల్‌ని తడితే టింగ్ మని మోగుతుంది కదా, అది గొట్టం గుండ్రం నుంచి కోడిగుడ్డు ఆకారానికీ మళ్ళీ వెనక్కీ కొట్టుకునే మోత. ఆ స్వరం ఎంత దిగితే గోడ అంత మెత్తన, ట్రాంపొలిన్ అంత ఎక్కువ అని ధ్వని మీద పనిచేసే ప్రొఫెసర్లు ఎప్పుడో చూపించారు. ఫోన్‌లో ఫ్రీ యాప్ ఒకటి వేసుకుని, బ్యాట్‌ని రెండు వేళ్ళతో హ్యాండిల్ దగ్గర వదులుగా పట్టుకుని చెక్క సుత్తితో తడితే స్క్రీన్ మీద గీత నిటారుగా లేస్తుంది, కింద ఇన్ని హెర్ట్జ్ అని. మా దాని గీత స్టాంప్ ఉన్నదాని కంటే ఎడమకి పడింది. అంటే మాది ఇంకా మెత్తన. బావకి చెప్తే "సూపర్ కదా" అన్నాడు. నాకు అప్పుడే కొంచెం తేడా కొట్టింది.

బంతుల గోల వేరే. టెస్ట్ 72 ఫారెన్‌హీట్, అంటే మన 22 డిగ్రీల దగ్గర, గాల్లో తేమ 50 శాతం ఉండగా చెయ్యాలి, బంతులు కూడా ముందుగానే ఆ గాల్లో ఉండాలి. విశాఖలో 50 శాతం తేమ ఎక్కడిది సార్, సముద్రం పక్కన కూర్చుని. బంతి మీద .47 పక్కనే 375 అని ఇంకో అంకె ఉంటుంది, పావు అంగుళం నొక్కడానికి పట్టే బలం పౌండ్లలో, మన లెక్కలో 170 కిలోలు. షెడ్డులో పడి ఉన్న బంతిని యూటీఎం మీద నొక్కితే అంత రాలేదు, వేడికీ తేమకీ మెత్తబడిపోయింది. దీనికి ఎరువుల కొట్లో మందు దొరికింది. మెగ్నీషియం నైట్రేట్‌ని నీళ్ళలో ఇంక కరగనంత కలిపి, అడుగున ఇంకా గింజలు మిగిలేలా ఒక డబ్బాలో పోసి, దాన్ని మూత గట్టిగా ఉన్న ఐస్ బాక్సులో పెడితే లోపల గాలి తేమ 53 శాతం దగ్గర నిలబడిపోతుంది. అనకాపల్లిలో కొన్న ఎరువు బస్తాలోంచి దోసెడు తీసి అమెరికా స్టాండర్డ్ తయారు చేసాం. బంతులు ఆ పెట్టెలో, ఆ పెట్టె ఏసీ గదిలో. మావయ్య మనవడు రోజూ వచ్చి లోపల గుడ్లు పొదుగుతున్నారా అని అడిగేవాడు.

బ్యాట్లు పంపడం మాత్రం ఒక వ్రతం. ఎక్స్‌పోర్ట్ చెయ్యాలంటే ఐఈసీ (ఇంపోర్టర్ ఎక్స్‌పోర్టర్ కోడ్) ఉండాలి, అది ఆన్‌లైన్‌లో సులువుగానే వచ్చింది. కానీ బుక్ చేసిన కొరియర్ ఏజెంట్ పెట్టె తెరిచి చూసి, గొట్టాల్లా ఉన్నాయి కదా అని అల్యూమినియం ట్యూబులు అని 7608 అనే కస్టమ్స్ కోడ్ కింద రాసేసాడు. స్పోర్ట్స్ సామాను 9506లో వస్తుంది. అమెరికాలో అల్యూమినియం సరుకు మీద 2018 నుంచి వేరే సుంకం ఉంది, పెట్టె అక్కడ ఆగిపోయింది. ఫోన్ చేస్తే పేపర్లు మీవే సార్ అంటాడు, పేపర్ రాసింది ఆయనే. చివరికి బ్యాట్ ఫోటో, డ్రాయింగ్, టెస్టింగ్ కోసం పంపిన శాంపిల్, అమ్మకానికి కాదు అని లెటర్, అన్నీ బావ దగ్గరుండి అక్కడ కట్టించాక కదిలింది. ఎవరైనా పంపేవాళ్ళుంటే కోడ్ మీరే రాసి ఇవ్వండి, బిల్లు చేతికి వచ్చాక మళ్ళీ చదవండి.

రిజల్ట్ వచ్చింది. ఫెయిల్. 98 దాటింది, పెద్దగా కాదు కానీ దాటింది. సొట్ట పడలేదు, పగల్లేదు, నాబ్ కదల్లేదు.

మావయ్యకి చెప్పడానికి వెళ్తే లేత్ ఆపకుండానే అడిగాడు.

"విరిగిందేట్రా?"

"లేదు మావయ్యా."

"మరి?"

"ఎక్కువ కొట్టింది."

లేత్ ఆపాడు. "ఏటీ, బాగా కొడితే ఫెయిలా? రేపు ఎవడైనా పంపు షాఫ్టు తెచ్చి, ఎక్కువ కాలం నడిచింది, డబ్బులివ్వను అంటే ఎలగుంటదిరా?" అని, కాసేపాగి, "అంటే మనది వాళ్ళ బ్యాట్ల కంటే బాగుందన్నమాటే కదా" అన్నాడు. అది మాత్రం ఆ వీధిలో అందరికీ చెప్పుకున్నాడు. అమెరికా వాళ్ళు మా బ్యాట్ చూసి భయపడి ఆపేసారు అనే వెర్షన్ ఇప్పటికీ మా ఎదురు టీ కొట్టులో నడుస్తోంది, నేను సరిచెయ్యలేదు.

సరి చెయ్యడం పేపర్ మీద తేలికే. మందం 10 శాతం పెంచితే గట్టిదనం 33 శాతం పెరుగుతుంది, కాబట్టి లోపలి స్లీవ్, అంటే ఆ లోపలి గొట్టం, మందాన్ని మిల్లీమీటర్‌లో పదో వంతు పెంచితే చాలు. కానీ స్లీవ్ మందమైతే బరువు పెరుగుతుంది, అదీ బ్యారెల్ వైపే, స్వింగ్ వెయిట్ పెరుగుతుంది, అప్పుడు అది అమ్మాయిలు ఊపలేని బ్యాట్ అవుతుంది. ఫాస్ట్‌పిచ్‌లో 33 అంగుళాల బ్యాట్ 23 ఔన్సులు ఉంటే డ్రాప్ 10 అంటారు, మా గిరాకీ అంతా దానికే. అందుకని స్లీవ్ పొడవు రెండు వైపులా కోసి, స్వీట్ స్పాట్ (బంతి అన్నిటికంటే బాగా ఎగిరే చోటు) చుట్టూ మాత్రమే ఉండేలా చేసాం, ఎండ్ క్యాప్‌లో బరువు తీసేసాం. కోసిన చోట అంచు పదునుగా ఉంటే అక్కడే బయటి గోడకి సొట్ట మొదలవుతుంది, మావయ్య ఆ అంచులకి చేత్తో ఎమెరీ పట్టి వాలు తీసాడు, ఒక్కోదానికి ఒక పూట పట్టేది, సీఎన్‌సీలో చేద్దాం అంటే వినడు. ఈసారి ఫోన్ యాప్‌లో గీత స్టాంప్ బ్యాట్ గీత పక్కనే, కొంచెం కుడికి పడింది.

మధ్యలో బావ ఇంకో ఆలోచన పెట్టాడు, కాంపోజిట్ చేద్దాం, కార్బన్ ఫైబర్, అక్కడ ఖరీదైనవన్నీ అవే అని. నేను ఒప్పుకోలేదు, దానికి కారణం ఇదే టెస్ట్. అల్యూమినియం మొదటి రోజు ఎలా కొడుతుందో పగిలే రోజు దాకా దాదాపు అలాగే కొడుతుంది. కాంపోజిట్ అలా కాదు, కొత్త చెప్పు నాలుగు రోజులు నడిచాక కాలికి మెత్తబడినట్టు, కొట్టే కొద్దీ లోపల రెజిన్‌లో సన్న పగుళ్ళు వచ్చి, పొరలు విడివడి, గోడ మెత్తబడి ఇంకా వేగంగా కొడుతుంది. కొత్తగా ఉన్నప్పుడు పాసయిన బ్యాట్ కొన్ని నెలలకి హద్దు దాటిపోతుంది. కొందరు అంత ఆగలేక రోలర్ల మధ్య పెట్టి నొక్కిస్తారు, అది మోసం కిందే లెక్క. లోపల గోడ చెక్కించేవాళ్ళు కూడా ఉన్నారట. ల్యాబ్ వాళ్ళు కూడా అదే రోలర్ పద్ధతి వాడతారు, యాక్సిలరేటెడ్ బ్రేక్ ఇన్ అని, బ్యాట్‌ని కొంచెం కొంచెం నొక్కుతూ, మళ్ళీ ఫిరంగికి పెడుతూ, దాని బతుకులో ఎప్పుడైనా 98 దాటుతుందా అని పగిలేదాకా చూస్తారు. అమెరికా కాలేజీ సాఫ్ట్‌బాల్‌లో అయితే టోర్నమెంట్ దగ్గరే బ్యారెల్ నొక్కి చూసే మెషిన్ పెడతారు, మెత్తబడితే ఆ బ్యాట్ పక్కకి. మనకి ఉన్న అనుభవంతో మొదటి రోజు 98 కింద నిలబెట్టడమే ఇంత పని అయితే, నాలుగు నెలల తర్వాత కూడా నిలబడే రెజిన్ నేను ఎక్కడి నుంచి తెస్తాను.

రెండో రకం వెళ్ళింది, ఈసారి 9506 అని పెట్టె మీద కూడా పెద్ద అక్షరాలతో రాసాను, పాసయింది. అంకె ఇక్కడ చెప్పను, చెప్తే పక్క షెడ్డు వాడు స్లీవ్ మందం లెక్క కట్టేస్తాడు.

పాసవగానే స్టాంప్ కొట్టేసుకోవచ్చు అనుకుంటే కాదు. ల్యాబ్ కొలుస్తుంది, అప్రూవ్ చేసేది యూఎస్ఏ సాఫ్ట్‌బాల్. మార్క్ వాడుకోవడానికి వాళ్ళతో లైసెన్స్ రాసుకోవాలి, అది బావ కంపెనీ పేరు మీద అక్కడే చేసుకున్నాం, ఆ తర్వాత మోడల్ పేరు వాళ్ళ అప్రూవ్డ్ లిస్టులోకి ఎక్కింది. అంపైర్‌కి అనుమానం వస్తే ఆ లిస్టు చూస్తాడు కాబట్టి బ్యాట్ మీద రాసిన పేరు లిస్టులో ఎలా ఉందో అచ్చం అలాగే ఉండాలి. మావయ్యకి బ్యాట్ మీద సింహాచలం అప్పన్న నామం బొమ్మ వెయ్యాలని కోరిక. డిజైన్ అంటే గోడలూ బరువూ, అవి మారిస్తే మళ్ళీ టెస్ట్, రంగుదేముంది అని చెప్పి, హ్యాండిల్ మీద గ్రిప్ కింద వేసుకోమన్నాను, ఎవరికీ కనపడదు, ఆయనకి తెలుసు అంతే.

ఇక్కడ ఏయూ గ్రౌండ్‌లో ఆడే పిల్లలకి అదే మోడల్ కొన్ని ఇచ్చాం. వాళ్ళ పీఈటీ మేడమ్ మొదట అడిగింది స్టాంప్ గురించి కాదు, "డెంట్ పడదు కదండీ, పోయినసారి కొన్నవి ఒక్క సీజన్‌కే సొట్టలు పడ్డాయి" అని. సీజన్ అయ్యాక వెళ్ళి వేలితో బ్యారెల్ చుట్టూ తడిమి చూసాను, బాగానే ఉన్నాయి, ఒకదానికి మాత్రం ఎండ్ క్యాప్ అంచు లేచింది, పిల్లలు దాన్ని నేల మీద ఆనించి కర్రలా నిలబడతారు, అలా చెయ్యకండమ్మా అంటే నవ్వుతారు.

డాలస్‌లో మా మేనకోడలు మొదటి టోర్నమెంట్‌కి తీసుకెళ్ళిన రోజు బావ వీడియో కాల్ పెట్టాడు, ఇక్కడ అర్ధరాత్రి దాటింది, మావయ్య కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. అంపైర్ రింగు దూర్చాడు, ఊపి చెవి దగ్గర పెట్టుకున్నాడు, స్టాంప్ వైపు తిప్పి చూసి వరసలో పెట్టేసాడు. పిల్ల వెళ్ళి రెండో బంతికి గట్టిగానే కొట్టింది, నేరుగా షార్ట్‌స్టాప్ అనే ఫీల్డర్ అమ్మాయి చేతుల్లోకి, అవుట్. "చూసావా," అన్నాడు మావయ్య, "ఆ మొదటి బ్యాట్ అయ్యుంటే ఆ పిల్ల పట్టుకునేదా?"